మన గ్రామ చరిత్ర ఎచ్చట లభించును?

మన పాఠశాలలలో బాలబాలికలు అశోకుని గూర్చియు, అక్బరును గూర్చియు చదువుచున్నారు. కాని తమ ఊరి చెరువును ఎవరు త్రవ్వించిరి, గుడి యెదుటి రాతిమీద ఏమి వ్రాసియున్నది అని అడిగినచో చెప్పగలవారు అరుదు. చరిత్ర యనునది రాజధానులకే గాని తమ ఊరికి లేదని పిల్లలు తలంచుచున్నారు. ఈ భావమును తొలగించుటలో ఉపాధ్యాయులకు పంచాయతీ సభ్యులు తోడ్పడవలెను.

ఇందుకు కావలసిన ఆధారములు హైదరాబాదులో రెండు చోట్ల విశేషముగా కలవు. మొదటిది 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము. దాని గ్రంథాలయములోని పాత పుస్తకములు పెక్కు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకము క్రింద పుటపుటకును ఛాయాచిత్రములుగా తీయబడినవి. వానిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను అంతర్జాల భాండారములో ఉచితముగా చదువవచ్చును. రెండవది విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు చేరువనే తార్నాకలో నున్న రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయము. షాజహాను, ఔరంగజేబుల కాలపు పత్రములు మొదలుకొని నిజాం ప్రభుత్వపు దస్త్రముల వరకు అచ్చట భద్రపరచబడినవి. వీనిలో పెక్కు పారసీ, ఉర్దూ భాషలలో నున్నవి. ఇవి యన్నియు అంతర్జాలములో దొరకునని తలంపరాదు. కొన్నిటికై స్వయముగా పోయి, అనుమతి పొంది చూడవలసినదే.

ఊరిలోనే కూర్చుండి చూడదగినవియు కలవు. 1961 జనాభా లెక్కల సందర్భమున జిల్లాల వారీగా వెలువడిన పుస్తకములలో గ్రామముల జనసంఖ్యయు, జాతరలు, తిరునాళ్ళ వివరములును కలవు. ఇవి జనగణన శాఖవారి అంతర్జాల గ్రంథాలయమున లభించును. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ వారు నడుపు అభిలేఖ్ పటల్ అను జాలస్థలములో పాత ప్రభుత్వ పత్రముల పట్టికలను వెదకవచ్చును. తెలుగు వికీసోర్సులో పాత తెలుగు గ్రంథములు కలవు.

వెదకునపుడు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. జిల్లాల సరిహద్దులు, ఇంగ్లీషులో ఊళ్ళ పేర్లు వ్రాయు తీరు పలుమార్లు మారినవి. పాలంపేట నేడు 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలో నున్నది. 1961 నాటి పుస్తకములలో దానిని వరంగల్ జిల్లా క్రింద వెదకవలెను. కనుక ఊరి పాత తాలూకా, జిల్లాల పేర్లను ముందుగా పెద్దలనడిగి తెలిసికొనుట మేలు.

ఆ పాలంపేటనే మరల తలంతము. అచ్చటి రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెనని మనకు తెలియుటకు కారణము అచ్చటి శిలాశాసనము. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. ఆ రాతిని ఎవరో పగులగొట్టి మెట్టుగా వేసికొనియున్నచో ఆ పేరును, ఆ సంవత్సరమును ఏ కంప్యూటరు మనకు తిరిగి ఇయ్యగలదు?

అంతర్జాలములో కనబడిన దెల్ల సత్యము కాదు. సెల్‌ఫోనులలో ఊరి పుట్టుకను గూర్చి వచ్చు కథలు కొన్ని కులముల మధ్య కలహములకు దారితీయగలవు. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, దేనిని చూచి వ్రాసిరి అను మూడు ప్రశ్నలు పిల్లలకు నేర్పవలెను. అధికారులు వ్రాసిన గ్రంథములలో కూలివారి మాటయు, స్త్రీల మాటయు తక్కువగా నుండును. దానిని ఊరి వృద్ధుల నోటనే వినవలెను.

కావున పంచాయతీలు ఈ క్రింది పనులు చేయవలెనని మేము కోరుచున్నాము. వ్రాతయున్న ఏ రాతిని కదల్పనీయక, ఛాయాచిత్రము తీయించి పురావస్తు అధికారులకు తెలియజేయవలెను. పాత రిజిస్టర్లను చెదలకు, చిత్తుకాగితముల వ్యాపారికి వదలరాదు. పంచాయతీ కార్యాలయపు కంప్యూటరును వారమున కొకసారి ఒక గంట పాఠశాల పిల్లలకు ఉపయోగింపనీయవలెను. వృద్ధులు చెప్పిన సంగతులను పేరు, తేదీలతో ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ఆ పుస్తకమును పాఠశాలలో నుంచినచో, రేపటి విద్యార్థికి తన ఊరిని గూర్చి చదువుటకు మొదటి గ్రంథము అదియే యగును.