నగరం ఇచ్చే కార్డు, రాష్ట్రం వేసే పగ్గం

అమెరికాలో మన ఆధార్ లాంటి జాతీయ కార్డు లేదు. డ్రైవింగ్ లైసెన్సైనా, మామూలు గుర్తింపు కార్డైనా రాష్ట్రమే ఇస్తుంది. దానికి కావలసిన కాగితాలు ఇల్లు లేనివాళ్ల దగ్గరా, జైలు నుంచి విడుదలైనవాళ్ల దగ్గరా, అనుమతి లేని వలస కూలీల దగ్గరా చాలాసార్లు ఉండవు. అలాంటివాళ్ల కోసం 2007లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ నగరం సొంతంగా కార్డు ఇచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, షికాగో అదే దారి పట్టాయి. కొన్ని రాష్ట్రాలు అడ్డుపడ్డాయి. ఈ గొడవ చుట్టూ అపోహలు చాలానే అల్లుకున్నాయి.

అపోహ: ఈ కార్డుంటే దేశంలో ఉండే హక్కు వచ్చేస్తుంది.

రాదు. దీంతో బండి నడపలేరు, ఉద్యోగానికి అర్హత రాదు, వీసా స్థితి మారదు. చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకైనా అంతే: విమానం ఎక్కడానికి ఈ కార్డు చాలదు, పాస్‌పోర్టో, రియల్ ఐడీ అనే కేంద్ర ప్రమాణాలున్న రాష్ట్ర కార్డో, అలాంటిదేదో కావాలి. మరి ఇదెందుకు? న్యూ హేవెన్‌లో బ్యాంకు ఖాతా లేని కూలీలు జీతం డబ్బు జేబులోనే పెట్టుకుని తిరిగేవారు. దొంగలు వాళ్లనే కాపుకాసి దోచేవారు. పోలీసుల దగ్గరికి వెళ్లాలంటే వాళ్లకు భయం. పేరు, ఫొటో, చిరునామా ఉన్న ఒక్క కార్డు ఖాతా తెరవడానికీ, ఫిర్యాదు చేయడానికీ, లైబ్రరీలో పుస్తకం తెచ్చుకోవడానికీ దారి చూపుతుందని నగరం ఆశించింది. ఇది చిన్న ఊరట కాదు.

అపోహ: పత్రాల్లేని వలసదారులే తీసుకుంటారు.

న్యూయార్క్ 2015లో మొదలుపెట్టిన కార్డును పది లక్షల మందికి పైగా తీసుకున్నారు. మ్యూజియాల్లో ఉచిత సభ్యత్వం కోసం తీసుకున్న పౌరులూ వారిలో ఉన్నారు.

అపోహ: నగరానికి ఎన్నికైన పాలకమండలి ఉంది కాబట్టి రాష్ట్రం కాదనలేదు.

అమెరికా రాజ్యాంగంలో నగరాల ఊసే లేదు. నగరాలు రాష్ట్రం సృష్టించినవేనని, వాటి అధికారాలను రాష్ట్రం పెంచవచ్చు, తగ్గించవచ్చు, తీసేయవచ్చు అని సుప్రీంకోర్టు 1907లోనే హంటర్–పిట్స్‌బర్గ్ కేసులో తేల్చింది. కొన్ని రాష్ట్రాలు తమ నగరాలకు స్వపరిపాలన హక్కు రాసిచ్చాయి. దానికీ హద్దులున్నాయి.

అపోహ: అడ్డుపడ్డ రాష్ట్రాలన్నీ కార్డులను నిషేధించాయి.

అసలు తికమక ఇక్కడే ఉంది. ఏ చట్టం దేన్ని ఆపుతోందో విడివిడిగా చూడాలి. నార్త్ కరోలినా 2015లో కార్డు ముద్రణను ఆపలేదు, దాన్ని ఒప్పుకోవడాన్ని ఆపింది. స్థానిక సంస్థలు, విదేశీ కాన్సులేట్లు ఇచ్చిన కార్డులను గుర్తింపుగా తీసుకోవద్దని ప్రభుత్వ అధికారులకు చెప్పింది. పోలీసులకు మాత్రం వేరే ఆధారం దొరకనప్పుడు చూసే వెసులుబాటు ఉంచింది. విస్కాన్సిన్ 2016లో కౌంటీలు కార్డులివ్వకూడదంది. నగరాలను ఇవ్వనిచ్చింది కానీ, అవి ఓటుకూ ప్రభుత్వ సాయానికీ చెల్లవంది. ఫ్లోరిడా 2023లో డబ్బు దగ్గర పట్టుకుంది: దేశంలో చట్టబద్ధంగా ఉన్నట్టు రుజువు చూపనివారికి కార్డులిచ్చే సంస్థలకు కౌంటీలు, నగరాలు నిధులివ్వకూడదు. మూడింటిలో నార్త్ కరోలినా పద్ధతే నాకు కఠినంగా తోస్తుంది. కార్డు చేతిలో ఉన్నా అది కౌంటర్ దగ్గర చెల్లకపోతే ఉన్నట్టా, లేనట్టా?

అపోహ: దరఖాస్తుదారుల కాగితాలు నగరం దగ్గర ఎప్పటికీ భద్రంగా ఉంటాయి.

అంత ధీమాగా ఉండలేం. అధ్యక్షుడిగా ట్రంప్ 2016లో గెలవగానే, ఆ కాగితాలు కేంద్రం చేతికి పోతాయేమోనని న్యూయార్క్‌లో ఆందోళన మొదలైంది. నగరం వాటిని నాశనం చేయబోతే ఇద్దరు రాష్ట్ర శాసనసభ్యులు కోర్టుకెక్కారు. 2017లో న్యాయమూర్తి నగరం పక్షాన తీర్పిచ్చారు. అప్పటికే నగరం కొత్త దరఖాస్తుల నకళ్లు దాచడం మానేసింది.