కరెంటు బండి, మార్గళి చలి: అపోహలు – వాస్తవాలు

మార్గళి నెల, తెల్లవారి అయిదున్నర. కల్లావిలో ఒక టీ కొట్టు. అల్లుడు కరెంటు స్కూటరుకు స్టాండు వేసి, టీ గ్లాసు తాగకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదు.

"పెట్రోలు బండయితే ఇంత చలి ఉండదు కదా మామా?"

"ఎవరు చెప్పినార్రా నీకు?" అన్నాడు మామ. ఆయన చొక్కా గుండీల సందులోంచి నిన్నటి దినపత్రిక అంచు తొంగిచూస్తోంది.

కృష్ణగిరి జిల్లాలో ఈ మాట ఎక్కడైనా వినబడుతుంది. హోసూరులో టీవీఎస్, ఏథర్, శూలగిరిలో సింపుల్, కల్లావికి దాపున పోచంపల్లిలో ఓలా, దేశంలో తిరిగే కరెంటు స్కూటర్లలో చాలా వాటి పుట్టిల్లు ఈ జిల్లానే. బండ్లు తయారయ్యే చోటే బండ్ల గురించిన పుకార్లూ తయారవుతాయి. పైగా ఇక్కడ చలికి మెట్లున్నాయి. కల్లావి, ఊత్తంగరై పక్క నేల పల్లం. కృష్ణగిరి దాటి శూలగిరి మీదుగా ఎక్కుతూ పోతే హోసూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు అటూఇటూగా ఉంటుంది. నాలుగు వందల మీటర్లు ఎక్కితే రెండు మూడు డిగ్రీలు తగ్గడం మామూలు. ఇంట్లో బయలుదేరినప్పుడు చాలిన స్వెట్టరు, హోసూరు చేరేసరికి చాలకపోవడం అందుకే. మాఘంలో మాకులు కూడా వణుకుతాయని పెద్దలన్నారు. పైకప్పు లేని బండి మీద మనిషి వణకడంలో వింతేముంది? ఆ వణుకు ఎందుకొస్తుందో, ఎలా పోతుందో అన్న దగ్గరే పొరపాట్లు.

అపోహ: పెట్రోలు బండి వెచ్చగా ఉంచుతుంది, కరెంటు బండి చలి పెంచుతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో పావు వంతుకు కాస్త అటూఇటూగా మాత్రమే చక్రానికి అందుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. కరెంటు మోటారు వృథా చేసేది పదో వంతుకు కొంచెం ఎక్కువో తక్కువో. కనుక వేడి తక్కువే. కానీ ఆ పెట్రోలు వేడి మనకెప్పుడు అందింది? మోటారు సైకిల్లో ఇంజను మోకాళ్ల ముందుంటుంది, పిక్కలకు కాస్త సెగ తగులుతుంది. స్కూటరులో ఇంజను సీటు కింద, వెనకవైపు. దాని సెగను గాలి వెనక్కే తోసేస్తుంది. చేతులకు, ఛాతీకి చేరేది సున్నా. పెట్రోలు స్కూటరు దిగి కరెంటు స్కూటరెక్కినవాడు కోల్పోయిన వెచ్చదనం ఏమీ లేదు.

అపోహ: మెల్లగా పోతే చలి తగలదు.

వాస్తవం: ఒంటి చుట్టూ మన వేడికి వెచ్చబడిన పల్చని గాలి పొర ఒకటుంటుంది. ఎదురుగాలి దాన్ని ఊడ్చేస్తుంది. చర్మానికి ఎంత చలి తోస్తుందో లెక్కగట్టడానికి వాతావరణ శాఖలు వాడే సూత్రం ఉంది. దాని ప్రకారం 10 డిగ్రీల ఉదయం గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే 7 డిగ్రీలున్నట్టు ఉంటుంది. 40లో 6, 60లో 5. అంటే తొలి 20 కిలోమీటర్ల వేగమే ఎక్కువ వేడిని లాక్కుంటుంది. 60 నుంచి 40కి తగ్గించి ఆదా చేసుకునేది ఒక్క డిగ్రీ. మంచు కమ్మిన హైవే మీద నెమ్మదిగా పోవాల్సిందే, కానీ అది కళ్లకు దారి కనబడటానికి. చలికి మందు వేరే ఉంది.

ఇంకో మాట. ఈ లెక్క వేడి పుట్టించే చర్మానికే. ఆ ఉదయం ఎంత గాలి తగిలినా బండి బ్యాటరీ 10 డిగ్రీల కంటే చల్లబడదు.

అపోహ: మందపాటి గొంగళి కప్పుకుంటే చాలు.

వాస్తవం: నిలబడి ఉంటే గొంగళిని మించింది లేదు. బండి కదిలాక కథ మారుతుంది. ఉన్ని వెచ్చగా ఉంచేది పోగుల మధ్య చిక్కుకున్న గాలితో. ఎదురుగాలి ఆ సందుల్లోంచే దూరి నిలవ గాలిని తోలేస్తుంది. లోపల స్వెట్టరు, దాని మీద గాలి దూరని పల్చని పొర, ఇదీ వరస. వానాకాలం అయిపోయిందని అటక మీద పెట్టిన రెయిన్‌కోటు చాలు. ఒట్టి రెయిన్‌కోటు వెచ్చదనం ఇవ్వదు, ఒట్టి స్వెట్టరు గాలినాపదు. రెండూ కలిస్తేనే పని.

గొంగళి, శాలువా, చున్నీ ఏదైనా సరే, వదులుగా వేలాడే గుడ్డ వెనక చక్రంలో చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు. ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ 1927 సెప్టెంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో చనిపోయింది ఇలాగే. పైకప్పు లేని కారులో పోతుంటే మెడలోని పొడవాటి కండువా చక్రంలో చిక్కుకుంది. మెడకు చుట్టుకునేది ఏదైనా కొసలు జాకెట్టు లోపలికి దోపుకోవాలి.

అపోహ: చొక్కాలో పేపరు పెట్టుకోవడం పల్లెటూరి పిచ్చి.

వాస్తవం: మామదే రైటు. కాగితం గాలిని ఆపుతుంది, మడతల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పోటీలో కొండలెక్కి చెమటపట్టిన పందెగాళ్లు, దిగేముందు చొక్కాలో పేపరు దోపుకోవడం పాత అలవాటే. ఛాతీ మీద నాలుగు షీట్లు చాలు. చెమటకు తడిస్తే మాత్రం తీసేయాలి, తడి కాగితం మేలు చేయదు.

అపోహ: ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుంది. హెల్మెట్ ఉంది కాబట్టి చాలు.

వాస్తవం: తల మన ఒంటి వైశాల్యంలో పదో వంతు ఉంటుంది. దాన్నుంచి పోయే వేడి కూడా అటూఇటూగా అంతే. హెల్మెట్ తప్పనిసరి, కానీ అది తక్కినదాని పని చేయదు.

ముందుగా మొద్దుబారేవి వేళ్లు. ఎందుకంటే చలి పెరిగితే ఒళ్లు గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడుకోవడానికి వేళ్లకు పంపే రక్తం తగ్గిస్తుంది. అందుకే ఛాతీ వణుకుతున్నప్పుడు ఎంత ఖరీదైన గ్లౌజులైనా సరిగా పనిచేయవు. ముందు ఛాతీ, తర్వాత చేతులు. ఒకదాని మీద ఒకటి బిగుతుగా రెండు గ్లౌజులు, రెండు మేజోళ్లు వేసుకుంటే రక్తం పారక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక్కటే వదులుగా, గాలి దూరనిది ఉండాలి. బ్రేకు పట్టాల్సిన వేళ్లు మొద్దుబారడం వట్టి ఇబ్బంది కాదు, ప్రమాదం.

అపోహ: వేడి చేసే హ్యాండిల్ పిడులు పెడితే బ్యాటరీ ఊడ్చుకుపోతుంది.

వాస్తవం: లెక్క చూద్దాం. పిడులు 40 వాట్లు తీసుకుంటాయనుకుంటే గంటకు 0.04 యూనిటు. మూడు యూనిట్ల బ్యాటరీతో వంద కిలోమీటర్లు పోయే బండికి ఆ ఖర్చు ఒకటిన్నర కిలోమీటరు కూడా కాదు. కరెంటు కారులో గాలిని వేడి చేసే హీటరుది వేరే దారి, అది కిలోవాట్లు మింగుతుంది. పైకప్పు తీసేసిన కారులో ఆ వేడిగాలిలో చాలా భాగం ఆకాశానికే. అందుకే అలాంటి కార్లలో సీటును వేడి చేయడం తెలివైన పని. ఊరంతటినీ కాదు, ఒంటికి ఆనుకున్న చోటును వేడి చేయడమన్నమాట. అయితే స్కూటరు వైర్లు సొంతంగా కోసి పిడులు తగిలించవద్దు. వారంటీ పోవచ్చు, షార్టు కావచ్చు.

అపోహ: ఈ చలికి బ్యాటరీ పాడైపోతుంది.

వాస్తవం: లిథియం బ్యాటరీకి అసలు భయం సున్నా డిగ్రీల కింద చార్జింగ్ చేస్తే. అప్పుడు లిథియం లోపలికి ఇంకకుండా లోహంగా పేరుకుంటుంది. అది లడఖ్ సంగతి, హోసూరు సంగతి కాదు. ఇక్కడి చలిలో బ్యాటరీ లోపలి అడ్డు కొంచెం పెరిగి మైలేజీ కాస్త తగ్గొచ్చు. దానికి తోడు 35 డిగ్రీల ఎండలోకంటే 10 డిగ్రీల చలిలో గాలి దాదాపు 9 శాతం చిక్కగా ఉంటుంది, బండి దాన్ని చీల్చుకుపోవాలి. ఎండ ఎక్కితే రెండూ సర్దుకుంటాయి.

అపోహ: బయలుదేరేముందు ఒక పెగ్గు వేస్తే ఒళ్లు వెచ్చబడుతుంది.

వాస్తవం: మందు చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. లోపలి వేడి పైకొచ్చి వెచ్చగా తోస్తుంది, అక్కణ్ణించి గాలికి పోతుంది. తాగి బండి నడపడం నేరమన్నది ఎలాగూ ఉంది.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు దాదాపు వంద వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలపు గుండు బల్బు ఒకటి ఎప్పుడూ వెలుగుతున్నట్టు. ఆ బల్బుకు గాలి తగలకుండా చూసుకుంటే మార్గళి పొద్దు గడిచిపోతుంది. పెట్రోలుకూ కరెంటుకూ ఇందులో పేచీ లేదు.

అల్లుడు టీ తాగేసి, బజ్జీల పళ్లెం పక్కనున్న పాత పేపర్లలోంచి నాలుగు షీట్లు లాగి చొక్కాలో దోపుకున్నాడు.

"పేపరుకు దుడ్డు వద్దులే," అన్నాడు కొట్టతను. "టీకి ఇచ్చి పో."