చివరి మాత్ర ఎన్ని గంటలకు?

రక్తపరీక్షకు పోతే మన బళ్లారిలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఊట ఆయ్తా?" తిన్నామో లేదో చెబితే చాలు, సూది గుచ్చేస్తారు. షుగరు పరీక్షకు అది సరిపోతుంది. కానీ రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటికి అడగాల్సింది ఇంకొకటి ఉంది: చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు?

అన్ని మందులకూ ఈ పరీక్ష అక్కర్లేదు. తక్కువైతే పనిచేయకుండా, కొంచెం ఎక్కువైతే విషమయ్యే మందులకే ఇది. మూర్ఛకు ఇచ్చే ఫెనిటోయిన్, మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం, గుండెకు ఇచ్చే డిగాక్సిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే టాక్రోలిమస్ అలాంటివి. ఫెనిటోయిన్ సాధారణంగా మిల్లీలీటరు రక్తంలో 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి.

మొదటి సంగతి సమయం. మాత్ర మింగాక రక్తంలో మందు పెరుగుతుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. పెరిగినప్పుడు తీస్తే ఒక అంకె, తగ్గాక తీస్తే ఇంకో అంకె. అందుకే లిథియంకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీస్తారు. డిగాక్సిన్ రక్తంలోంచి గుండె కండరానికి చేరడానికి టైం పడుతుంది కాబట్టి కనీసం 6 గంటలు ఆగాలి. టాక్రోలిమస్‌కైతే తర్వాతి మాత్రకు కాస్త ముందు తీస్తారు.

రెండోది ట్యూబు. మూతల రంగులు అందం కోసం పెట్టినవి కావు. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో కొన్నిటిలో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ ఉంటుంది. లిథియం పరీక్షకు అందులో రక్తం తీస్తే ట్యూబులోని లిథియం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. చారులో ఉప్పెంతుందో చూడాలని ఆ చారును ఉప్పు డబ్బాలో పోసినట్టు! టాక్రోలిమస్ ఎక్కువగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. దానికి సీరం పనికిరాదు, ఊదా మూత ట్యూబులో మొత్తం రక్తమే పంపాలి.

మూడోది నిల్వ. కొన్ని ట్యూబుల్లో రక్తకణాలను, సీరాన్ని విడదీసే జెల్ ఉంటుంది. అది ఫెనిటోయిన్‌ను కొంచెం కొంచెంగా పీల్చుకోగలదు. రక్తం తక్కువగా ఉండి, ఎక్కువసేపు నిలవుంటే అంకె ఇంకా తగ్గుతుంది.

మా అవ్వ ఫెనిటోయిన్ వేసుకుంటుంది. ఒకసారి రిపోర్టులో 8 వచ్చింది. "మాత్రలు మానేసినావా?" అని అమ్మ గట్టిగానే అడిగింది. "దినామూ వేసుకుంటానే ఉండా కదే" అన్నా అమ్మ నమ్మలేదు. డాక్టరు మాత్రం డోసు పెంచే ముందు రక్తం ఎట్లా తీశారో కనుక్కున్నారు. జెల్ ట్యూబులో తీసి, రెండు రోజులు అందులోనే ఉంచి పంపారట. జెల్ లేని ట్యూబులో, పొద్దున మాత్రకు ముందు మళ్లీ తీయించి అదే రోజు పంపిస్తే 11 వచ్చింది.

డోసు పెంచి ఉంటే? ఫెనిటోయిన్‌ను లివరు ఒక హద్దు వరకే కరిగించగలదు. ఆ హద్దు దగ్గర డోసు కొంచెం పెంచినా రక్తంలో మందు చాలా పెరిగిపోతుంది. కళ్లు మసకబారతాయి, నడక తూలుతుంది. అవ్వ వయసులో పడితే తుంటి ఎముక విరగొచ్చు.

మన ఇళ్లలో ఇంగ్లిష్ రిపోర్టు చదివి చెప్పేది ఎక్కువగా మనమే. అంకె ఒక్కటే చదివి ఊరుకోకండి. చివరి మాత్ర టైం, రక్తం తీసిన టైం రెండూ ఫారం మీద రాయించండి. ఆ పూట మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోవాలా, ముందా అని డాక్టరును ముందే అడగండి. సెలైన్‌లో మందు ఎక్కుతుంటే రెండో చేతి నుంచి రక్తం తీయమనండి. అంకె తేడాగా వస్తే సొంతంగా మాత్ర పెంచడం, తగ్గించడం వద్దు. మళ్లీ పరీక్ష చేయించాలా అని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను గదమాయించే ముందు ఆ ట్యూబు సంగతి కనుక్కోండి.