డెస్క్‌టాపు బోర్డుపై ల్యాప్‌టాపు ప్రాసెసరు ఏల మందగించును?

పాత కంప్యూటరుల విడిభాగములను కొని తెచ్చి యింటిలోనే ఒక యంత్రమును కూర్చుకొను అలవాటు మన విద్యార్థులలో కొందరికి కలదు. ఇది మెచ్చదగినదే. క్రొత్త కంప్యూటరును కొనగల స్తోమతు తల్లిదండ్రులందరికిని ఉండదు. అయితే ఇట్లు కూర్చిన యంత్రములలో ఒక చిత్రమైన జబ్బు అప్పుడప్పుడు కనబడుచుండును. ప్రాసెసరుపై 2 గిగాహెర్ట్‌జులని ముద్రించియుండును; యంత్రమును నడిపి చూచిన 1.2 గిగాహెర్ట్‌జులే తెరపై కనబడును. మరమ్మతు చేయువాడు “ప్రాసెసరు చెడిపోయినది, మార్చవలెను” అని తేల్చి చెప్పును. తండ్రి మారుమాటాడక డబ్బిచ్చును. చాల సందర్భములలో ఆ ప్రాసెసరు చెడిపోయియుండదు. అది ల్యాప్‌టాపు కొరకు చేయబడినది. దానిని డెస్క్‌టాపు మదర్‌బోర్డులో పెట్టినారు. జబ్బంతయు అదియే.

ప్రాసెసరు, మదర్‌బోర్డు అను మాటలకు తెలుగు పేర్లు పెట్టరాదా యని కొందరు అడుగవచ్చును. పెట్టవచ్చును. కాని అంగడికి పోయి “మాతృఫలకము” కావలెనని అడిగిన బాలుడు వట్టిచేతులతో తిరిగివచ్చును. కావున వాడుకలోనున్న పేర్లనే ఇచ్చట ఉంచితిని.

ప్రాసెసరు వేగము రెండు సంఖ్యల లబ్ధము. మదర్‌బోర్డుపై గడియారమువలె స్పందించు ఒక చిన్న భాగము కలదు. అది సెకనుకు పది కోట్ల మారులు స్పందించినచో దానిని 100 మెగాహెర్ట్‌జులందురు. ప్రాసెసరు ఆ స్పందనను గైకొని, లోపల తనకున్న గుణకముచే హెచ్చించుకొనును. గుణకము 20 అయినచో 100 × 20 = 2000 మెగాహెర్ట్‌జులు, అనగా 2 గిగాహెర్ట్‌జులు. ఇది చిన్న తరగతుల వారికిని తెలిసిన లెక్కయే. పెంటియం 4 కాలపు సామాన్య డెస్క్‌టాపు ప్రాసెసరులకు గుణకము ఒక్కటే. కర్మాగారములోనే దానిని స్థిరపరచి పంపెడివారు. ల్యాప్‌టాపు ప్రాసెసరు సంగతి వేరు. అది బ్యాటరీపై బ్రతుకవలసినది. ఎల్లవేళల పరుగెత్తినచో బ్యాటరీ నిలువదు. అందుచే దానికి తక్కువ గుణకమొకటియు, ఎక్కువ గుణకమొకటియు ఏర్పరచినారు.

ఉదాహరణమునకు ఇంటెల్ సంస్థ 2002 మార్చిలో విడుదల చేసిన పెంటియం 4-ఎం అను ల్యాప్‌టాపు ప్రాసెసరును తీసికొందము. పొదుపుగా నడచునప్పుడు దీని గుణకము 12, వేగము 1.2 గిగాహెర్ట్‌జులు, విద్యుత్పీడనము 1.2 వోల్టులు. పూర్ణ వేగమున నడచునప్పుడు పీడనము 1.3 వోల్టులకు పెరుగును. గుణకము దానిపై ముద్రించిన వేగమునకు సరిపోవునంతటిది యగును. యంత్రము మేల్కొనినంతనే ఈ ప్రాసెసరు తక్కువ గుణకముతోనే మొదలిడును. అటుపిమ్మట “ఇక వేగముగా నడువుము” అను ఆజ్ఞ బయటినుండి రావలెను. ల్యాప్‌టాపులో ఆ ఆజ్ఞను సౌత్‌బ్రిడ్జి యనబడు చిప్పు ప్రత్యేకమైన ఒక తీగద్వారా ప్రాసెసరు కాళ్లలో ఒకదానికి అందించును. డెస్క్‌టాపు బోర్డులోని సౌత్‌బ్రిడ్జికి ఆ పని తెలియదు. ఆ తీగయు లేదు. రెండింటికిని కాళ్లు 478 కావున ప్రాసెసరు సాకెట్టులో చక్కగా కూర్చుండును, పనియు చేయును. కాని కాడి కట్టిన యెద్దు తోలువాని అదలింపునకై చూచునట్లు రాని ఆజ్ఞకై ఎదురుచూచుచు 12 గుణకముతోనే కాలము గడపును.

జబ్బు ఇదియే యని రూఢిచేసికొనుట సులభము. ముందుగా ప్రాసెసరుపై ముద్రించిన పేరును చదువవలెను. పిమ్మట సీపీయూ-జెడ్ వంటి ఉచిత సాధనముతో గుణకమెంతయో చూడవలెను. చూచునప్పుడు యంత్రమునకు ఏదైన బరువైన పని అప్పగించియుంచుడు. పనిలేనప్పుడు వేగమును తగ్గించుకొనుట నేటి ప్రాసెసరులకు సహజగుణము; దానిని రోగమని భ్రమింపరాదు. పని నడుచుచుండగా గూడ గుణకము 12 దాటకున్నచో ఆజ్ఞ అందలేదని నిశ్చయింపవచ్చును. గుణకము సరిగానే యుండి, పని మాత్రము నత్తనడక నడచుచున్నచో దోషము వేడిమిలో నున్నది. పెంటియం 4 తరగతి ప్రాసెసరు మితిమీరి వేడెక్కినప్పుడు తన గడియారమును క్షణకాలము ఆపుచు, మరల నడుపుచు తన్ను తాను కాపాడుకొనును. అట్టి సమయమున తెరపై సంఖ్య పూర్తిగానే కనబడవచ్చును. పని మాత్రము సగము కుంటువడును.

ఈ వేడిమికి ల్యాప్‌టాపు ప్రాసెసరులలో మరియొక కారణము కలదు. డెస్క్‌టాపు పెంటియం 4పై లోహపు మూత యుండును. పెంటియం 4-ఎంకు అది లేదు. సిలికాను పలక నగ్నముగా పైకి కనబడుచుండును. మూత మందమునకు తగినట్లు చేసిన చల్లార్పు ఫ్యాను ఈ పలకపై సరిగా ఆనదు. ఆనించుటకై ఒకవైపు గట్టిగా అదిమినచో పలక అంచు పగులును. పగిలినచో ప్రాసెసరు పోయినట్లే. మొదట అబద్ధముగా చెప్పిన మాట అప్పుడు నిజమగును. ఈ పనిని పెద్దల సమక్షమున మాత్రమే చేయవలెను.

ఇక చికిత్స. పెంటియం 4-ఎం విషయములో ఆజ్ఞ తీగద్వారా రావలసినదగుటచే, సాఫ్ట్‌వేరుతో గుణకమును మార్చజూచుట వృథా. మిగిలిన మార్గము లబ్ధములోని రెండవ సంఖ్యను పెంచుట. బోర్డు 533 మెగాహెర్ట్‌జుల బస్సును భరింపగలదైనచో దాని అసలు స్పందన 133 మెగాహెర్ట్‌జులు. నాలుగు రెట్లు చేసి 533 అని చెప్పుచుందురు. బయాసులో 100కు బదులు 133 పెట్టిన 12 × 133, అనగా సుమారు 1.6 గిగాహెర్ట్‌జులు వచ్చును. ముద్రించిన వేగమును మించరాదు. జ్ఞాపకశక్తి చిప్పులు ఆ వేగమును తట్టుకొనునో లేదో బోర్డు పుస్తకములో ముందుగా చూచుకొనుడు. కాళ్లను సన్నని తీగతో కలిపి బోర్డును మోసగింపవచ్చునని చెప్పువారును కలరు. విద్యార్థులు దాని జోలికి పోకుండుట మేలు.

అన్ని ప్రాసెసరులును ఇంత మొండివి కావు. ఏఎండీ వారి మొబైల్ అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసరు గుణకమును సాఫ్ట్‌వేరుతోనే మార్చవచ్చును. డెస్క్‌టాపు సాకెట్టులోను అది కూర్చుండును. ఆ కాలమున వేగప్రియులు దానిని వెదకి కొనుటకు ఇదియొక కారణము. పెంటియం ఎం పేరు పెంటియం 4-ఎంకు దగ్గరిదే కాని కాళ్ల అమరిక వేరు. దానిని తిన్నగా డెస్క్‌టాపు సాకెట్టులో పెట్టరాదు. దాని కొరకు అసూస్ సంస్థ సీటీ-479 అను ఒక నడిమి పలకను చేసినది. అదియు ఆ సంస్థ చెప్పిన కొన్ని బోర్డులలో, తగిన బయాసుతో మాత్రమే పనిచేసెడిది.

ఇదంతయు పాత కథయని త్రోసివేయరాదు. నేడు ల్యాప్‌టాపు ప్రాసెసరును బోర్డుకే అతికించి, డెస్క్‌టాపు పరిమాణములో చవుకగా అమ్ముచున్నారు. వీనిలోను మందగమనము కద్దు, కారణములు మాత్రము రెండు. మొదటి అర నిమిషము చురుకుగా నడచి పిమ్మట తగ్గినచో, బయాసులో శక్తి పరిమితి ల్యాప్‌టాపునకు తగినట్లు స్వల్పముగా ఉంచినారని గ్రహింపవలెను. మొదటినుండియు 400 గాని 800 గాని మెగాహెర్ట్‌జుల వద్దనే నిలిచిపోయినచో, బోర్డులోని మరియొక భాగము “వేడెక్కితిని” అను సంకేతమును ప్రాసెసరుకు పంపుచుండవచ్చును. ఆ సంకేతము అబద్ధమైనదిగా గూడ నుండవచ్చును. మొదటిదానికి బయాసులోనే మందు కలదు. రెండవదానికి ముందు ఫ్యానును, వేడిమి కొలతలను పరీక్షించి, అవి సరిగా నున్నచో బోర్డును అమ్మినవానికే తిరిగి యిచ్చి మార్పించుకొనవలెను. డబ్బు చెల్లించుటకు పూర్వము ప్రాసెసరు పేరును, గుణకమును, పని నడుచునప్పటి వేడిమిని ఒక కాగితముపై వ్రాసి యిమ్మని మరమ్మతు చేయువానిని తల్లిదండ్రులు అడుగవచ్చును.