ఆట నడుమ మాట

సాయంకాలము బడి గంట కొట్టిన పిమ్మట మన బాలురు ముగ్గురు నలుగురు కూడిన చోట నేడు వినవచ్చు సంభాషణము పెద్దలకు ఒకపట్టున బోధపడుట లేదు. "నేను చచ్చిపోయినా రా, వచ్చి లేపు" అని ఒకడనును. "ఉండు, జోన్ వస్తా ఉంది, ఇంటెనకాల ఒకడుండాడు" అని రెండవవాడు బదులు చెప్పును. ఇంటనున్న అవ్వ ఈ అపశకునపు మాట విని చెవులు మూసికొనును; తండ్రి సెల్‌ఫోను లాగికొనును. వీడియో ఆటలను గూర్చి పత్రికలలో వ్రాయువారు పెక్కుమంది కలరు. ఆ ఆటగాండ్రు తమలో తాము ఏమి మాటలాడుకొందురు, ఎట్లు మాటలాడుకొందురు అనుదానిని గూర్చి వ్రాయువారు అరుదు. భాషకొఱకు ఏర్పడిన సంఘపు బడిలో పని చేయుచున్న మాకు ఆటకంటె ఆ మాటయే ముఖ్యముగా తోచినది. కనుక దానిని కొంత విడమరచి చెప్పబూనినాము.

మొదట ఈ ఆటల పూర్వకథ కొంచెము తెలియవలెను. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమున హిగిన్‌బాథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, చూడవచ్చినవారి వినోదార్థము, విద్యుత్తరంగములను చూపు చిన్న తెరపై ఒక టెన్నిసు ఆట నమర్చెను. 1962లో మరియొక విద్యాలయపు యువకులు అంతరిక్షయుద్ధపు ఆట నొకదానిని కల్పించిరి. 1972లో పాంగ్ అను ఆట అంగళ్లలోనికి వచ్చెను. ఇవన్నియు ఇద్దరు ప్రక్కప్రక్కన నుండి ఆడునవి. కావున మాటలకు కొదువ లేదు. 1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చినపుడు మాత్రము ఆటగాడు ఒంటరివాడయ్యెను. ఇంటర్నెట్టు బలపడిన తరువాత మరల గుంపు కూడినది. 2017, 2018 సంవత్సరములలో పబ్జీ, ఫ్రీఫైర్ అను ఆటలు సెల్‌ఫోనులోనికి వచ్చినవి. మొదటిదానిలో నూరుగురు, రెండవదానిలో ఏబదిమంది ఒక ద్వీపముపై గొడుగులతో దిగుదురు. తుదివరకు నిలిచినవారిది గెలుపు. నలుగురు నలుగురుగా జట్లు కట్టుదురు. నలుగురును నాలుగు ఇండ్లలో, ఒక్కొక్కప్పుడు నాలుగు ఊళ్లలో నుండి, చెవిలో తీగ పెట్టుకొని ఒకరితోనొకరు మాటలాడుకొనుచు ఆడుదురు.

ఆట సాగుచున్నంతసేపు మాట క్లుప్తము. శత్రువు ఏ దిక్కున నున్నాడో, చేతిలో ఎన్ని గుండ్లు మిగిలినవో, ఎవడు ముందు పోవలెనో ఇంతమాత్రమే. దిక్కులను గూడ తూర్పు పడమరలని గాక 240, 310 అని భాగల లెక్కతో చెప్పుదురు; తెరపై దిక్సూచి యుండుటయే ఇందులకు కారణము. కోణమానిని మా చేతినుండి నేర్వనొల్లని బాలుడు ఇచ్చట కోణమును క్షణములో చెప్పుచుండుట మేము స్వయముగా విన్నాము.

వీరి నోట తఱచుగా వచ్చు మరియొక పదము పింగ్. మన ఫోనునుండి ఒక వార్త ఆటను నడుపు యంత్రమునకు పోయి తిరిగి వచ్చుటకు పట్టు కాలము అది. సెకనులో వేయవవంతులలో లెక్కింతురు. వెలుతురు గాజుతీగలో సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. ఆ యంత్రము 3,000 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొన్నచో పోను 15, రాను 15, మొత్తము 30 వంతులు చాలును. మన జవళగిరి పిల్లవాడు "పింగ్ 300" అని మొత్తుకొనుట దూరమువలన గాదు. అడవి అంచున సంకేతము పలుచనై, టవరునొద్ద వార్తలు వరుసలో నిలిచి కాచుకొనుటవలన. సెకనులో మూడు పదవవంతులు ఆలస్యమైనచో శత్రువు ఉన్నచోట వీనికి గనబడడు, ఉండి వెడలినచోట గనబడును. గుఱి చూచి కొట్టిన దెబ్బ గాలిలో పోవును. దీనినే లాగ్ అందురు. మన తెలుగు నాలుకపై అది లాగు అయినది. "నెట్టు లాగవుతా ఉంది" అని మనుమడు చెప్పగా, ఒకే వాక్యమున నెట్టుటయు లాగుటయు ఏమిటని తాత తెల్లబోయినచో తప్పు ఆయనది కాదు.

ఈ ఉకారమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మన భాష అజంతము; పదము అచ్చుతో ముగియుట దాని స్వభావము. హల్లుతో ముగియు ఆంగ్లపదము మన వాడుకలోనికి వచ్చినంతనే ఉకారము తగిలించుకొని మన ఇంటి మనిషియగును. బస్సు, రోడ్డు, కారు అట్లు వచ్చినవే. అట్లే నేడు గేము, మ్యాపు, గన్ను. గేములు, మ్యాపులు, గన్నులు. క్రియలకు చేయు, అవు అనునవి చేర్చి లూట్ చేయుట, రష్ అగుట అని కావలసినన్ని కల్పించుకొనుచున్నారు. ఏ వ్యాకరణమును చదువని అయిదవ తరగతి బాలుడు ఈ సూత్రములను ఒక్కచోటనైనను తప్పడు. ఇది భాష చచ్చుచున్న గుఱుతని కొందఱనుచున్నారు. మాకట్లు తోచదు. పరపదమును తన కట్టడిలోనికి తెచ్చుకొనగల భాషకు ఇంకను ఊపిరి యున్నట్లే. పైగా ఇందు కొన్ని పదములు పరాయివియే కావు. లూట్ అను మాట హిందుస్థానీ లూటీనుండి ఆంగ్లమునకు పోయి, ఇప్పుడు ఆటద్వారా మనయొద్దకు తిరిగి వచ్చినది. ఆటలో తన రూపమునకు బాలుడు పెట్టుకొను అవతార్ మన అవతారమేయని చెప్పినపుడు తరగతియంతయు నవ్వినది.

ఇక అవ్వ భయపడిన చావు మాట. చచ్చుటయు లేచుటయు ఈ ఆటలతో పుట్టినది కాదు. చెడుగుడులో కూతకు పోయి పట్టుబడినవాడు చచ్చినవాడే గదా. ఎదిరిపక్షమున ఒకడు చచ్చినపుడు మనవాడొకడు బ్రతికి లోపలికి వచ్చును. ఈ పద్ధతికి సంజీవని యనియే పేరు. 1990లో బీజింగ్ నగరపు ఆసియా క్రీడలలో కబడ్డీకి స్థానము దొరకినపుడు సంతోషించిన మనము, అదే మాటను పిల్లవాడు ఫోనులో పలికినంతనే ఉలికిపడుట తగునా? భేద మొక్కటే: చెడుగుడులో చచ్చినవాడు గీత వెలుపల కూర్చుండి చూచువారితో ముచ్చటలాడుచుండెడివాడు, ఫోనులో చచ్చినవాడు తెరలో మిత్రుని వీపు చూచుచు వానికి సలహాలు చెప్పును. వినువాడు మాత్రము ఎక్కడను లేడు!

మన ప్రాంతపు పాత ఆటల పేళ్లు కొన్నిటిని చూడుడు. తెలుగున బిళ్లంగోడు, తమిళమున కిట్టిపుళ్, కన్నడమున చిన్నిదాండు. మన వామనగుంటలు తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళిగుళిమణె; వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు అందఱకును సమానమే. మూడు పులులు, పదునైదు మేకలు గల పులిజూదము తమిళమున ఆడుపులియాట్టము. మూడు భాషలు కలిసిన ఈ మొరసునాటిలో పిల్లలు ఆటలోనే ఇరుగుపొరుగు భాషలు నేర్చిరి. ఏ పలకపైనను వ్రాయకయే నేర్చిరి. అదియే నేడు ఫోనులో జరుగుచున్నది. హోసూరు బాలునితో తమిళము, ఆనేకల్లు బాలునితో కన్నడము, మన ఊరివానితో తెలుగు. అంతయు ఒక్క ఆటలో.

ఆట ముగిసి మఱొక ఆట మొదలగువరకు నుండు విరామమున అసలైన సంభాషణము సాగును. ఆ కూడలికి లాబీ యని పేరు. ఇచ్చట మాట ఆటనుగూర్చి కాదు. కొత్త సినిమా ఎట్లున్నది, క్రికెట్టులో ఎవరు గెలుతురు, పొంగలు దినములలో ఎద్దుల పరుగునకు ఎవరి ఎద్దు పోవుచున్నది, రాగి చేనికి ఏనుగులు వచ్చినవా, రేపటి లెక్కలు చేసితివా? ప్రతి యేడును చలికాలమున బన్నేరుఘట్ట అడవులనుండి ఏనుగుల మందలు మన జవళగిరి అడవికి వచ్చునని అందఱు నెరుగుదురు. రాగి కంకి గట్టిపడు ఆ నెలలలో చీకటి పడిన తరువాత పిల్లలను వీథిలోనికి ఎవరు పంపుదురు? మైదానము మూతపడినది గనుక ముచ్చట ఫోనులోనికి పోయినది. దానికితోడు 2020లో మహమ్మారివలన బడులు మూతపడగా, పాఠముకొఱకని ప్రతి యింట ఫోను వచ్చి చేరినది. పాఠము ముగిసినను ఫోను పోలేదు.

మాకు ఆందోళన కలిగించునది, ఆశ కలిగించునదియు ఇచ్చటనే యున్నది. 2006వ సంవత్సరపు చట్టమువలన ఈ రాష్ట్రమున తమిళము ప్రతి బాలునికిని తప్పనిసరి పాఠ్యభాష అయినది. తమిళము నేర్చుట మంచిదే. మేము దానిని కాదనము. కాని తల్లిదండ్రులు పలువురు, రెండు భాషల బరువేల యని, పిల్లలను తెలుగు తరగతినుండి మాన్పించి ఆంగ్లపు బడికి పంపుచున్నారు. అట్లు పోయిన బాలుడు తెలుగున చదువడు, వ్రాయడు. ఇంట తల్లితో పలుకు పది మాటలే మిగులును. అట్టివాడు కూడ లాబీలో మన బడి పిల్లలతో కలిసినపుడు గంటసేపు ధారాళముగా తెలుగు మాటలాడుచున్నాడు. హాస్యమాడుచున్నాడు, కోపించుచున్నాడు, సామెత విసరుచున్నాడు. ఎవరును ఆజ్ఞాపింపని, ఎవరును మార్కులు వేయని తెలుగు అది. ఈ ముచ్చటను ఒక్క వ్రేటున ఆపివేయుట సులభము. ఆపినపిమ్మట ఆ తెలుగు ఎచ్చట పలుకుదురో ముందు ఆలోచింపవలెను.

ఇట్లనుటచే ఆటను మేము వెనుకవేసికొని వచ్చుచున్నామని తలపవలదు. తెలియనివాడు జట్టులో చేరి, తీయని మాటలతో ఊరు పేరు బడి తెలిసికొని, పిమ్మట తండ్రి ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను అడుగుట వినరాని సంగతి కాదు. ఎదుటివాని ముఖము కనబడని మాటకు ఈ దోష మెప్పుడును కలదు. కనుక తెలిసినవారితోనే గొంతు కలుపుట, ఊరిపేరు చెప్పకుండుట, సంఖ్య అడిగినవానిని తత్‌క్షణమే తొలగించుట నేర్పవలెను. సొమ్ము పోయినచో 1930, బాలునికి బెదరింపు వచ్చినచో 1098 అను సంఖ్యలకు ఫోను చేయవచ్చును. ఈ రెండింటిని మా బడి గోడపై వ్రాయించినాము.

సొమ్ము పందెముగానున్న ఆటల సంగతి వేరు. ధర్మరాజు కథ విన్న జాతికి దీనిని విస్తరించి చెప్పనక్కర లేదు. 1967లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము నడిపిన వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము రమ్మీని నేర్పుతో గూడిన ఆటగా భావించెను. ఆ తీర్పును అడ్డము పెట్టుకొనియే ఫోను రమ్మీ విస్తరించినది. తమిళనాడు 2022లో జూదమును నిషేధించుచు చట్టము చేసెను. కేంద్రము 2025 ఆగస్టులో సొమ్ముతో ఆడు ఆన్‌లైన్ ఆటలనన్నిటిని, నేర్పు అదృష్టమను భేదము లేకయే, నిషేధించు చట్టము చేసెను. వట్టి ఆటలకును నిషేధము తగులకపోలేదు. పబ్జీ 2020 సెప్టెంబరులోను, ఫ్రీఫైర్ 2022 ఫిబ్రవరిలోను నిషేధింపబడినవి. అయినను మొదటిది 2021లో వేఱు పేరుతోను, రెండవది మ్యాక్స్ అను తోకతోను పిల్లల చేతులలోనే యున్నవి. పేరు మార్చిన ఆటను పిల్లలు ఒక్క పూటలో గుర్తించిరి. పెద్దలకు నెలలు పట్టినవి.

కాలము సంగతికి వచ్చినచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరినుండి అమలులో పెట్టిన రోగపట్టికలో ఆటవ్యసనమునకు చోటిచ్చినది. ఆడువేళపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, చెఱుపు కనబడుచున్నను మానకుండుట, ఇవి సాధారణముగా పండ్రెండు నెలలు సాగినచో అది వ్యాధి. సెలవుదినమున రెండు గంటలు ఆడిన బాలుడు రోగి కాడని దీని భావము. నిద్రయు భోజనమును మాని ఆడువానిని తిట్టినందువలన ప్రయోజనము లేదు, వైద్యునియొద్దకు గొనిపోవలెననియు దీని భావము.

ఆటయే జీవనోపాధియగునని పిల్లలు కొందఱు మాతో వాదింతురు. 2018 జకార్తా ఆసియా క్రీడలలో ప్రదర్శనగా ఆడిన ఎలెక్ట్రానిక్ ఆటలలో భారతీయుడొకడు కాంస్యపతకము తెచ్చిన మాటయు, హైదరాబాదులోని చిన్న సంస్థయొకటి 2017లో అసుర అను ఆటను తయారుచేసిన మాటయు నిజమే. ఆటలు తయారుచేయుటకు గణితము, చిత్రలేఖనము, కథ చెప్పు నేర్పు కావలెనని మేము బదులు చెప్పుదుము. అచ్చటితో వాదము సామాన్యముగా ఆగిపోవును.

ఈ యేడు తెలుగు తరగతిలో పాఠ్యపుస్తకమును ఒక గంట ప్రక్కన బెట్టి, ఆటలోని పదములకు తెలుగు మాటలు వెదకుడని తొమ్మిదవ తరగతివారికి చెప్పినాము. లాబీకి చావడియని ఒక బాలిక చెప్పినది. నలుగురు చేరి పని మొదలగువరకు ముచ్చటలాడు చోటు అదియే గనుక ఇంతకంటె తగిన మాట మాకును తోచలేదు. పడినవానిని లేపుటకు సంజీవని, గెలిచినవాడు ఓడినవానితో చెప్పు జీజీకి భేషు, కొత్తగా చేరి తడబడువానికి పాలబుగ్గ యని నిర్ణయమైనది. మరుసటి వారమునాటికి చావడి యను మాట ఆటలో నిజముగనే వాడుకలోనికి వచ్చినదని, హోసూరు పిల్లలు కూడ పట్టుకొనిరని మా విద్యార్థులు చెప్పిరి. పింగ్ అను మాటకు మాత్రము ఇంకను కుదరలేదు. జాగు అన్నవారు కొందఱు, రాకపోక అన్నవారు కొందఱు. తరగతి రెండుగా చీలి నేటికిని తగవులాడుచునే యున్నది.