నీరసం పేరుతో వచ్చే జబ్బు

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లోనో, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లోనో పనిచేసే మనిషి మనసు బాగోలేదని సెలవు అడగడు. నీరసంగా ఉందంటాడు, తల బరువంటాడు, గుండె దడంటాడు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని మర్నాడు డ్యూటీకి వస్తాడు. రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదన్న అసలు సంగతి ఇంట్లోనూ చెప్పడు. పల్నాడంటే పౌరుషమని వింటూ పెరిగినవాడు భయంగా ఉందని ఎలా అంటాడు? అంటే పిచ్చోడని పేరొస్తుందని, ఉన్న పని పోతుందని బెంగ.

ఈ బాధ ఒక్క పల్నాడుదే కాదు. కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. హైదరాబాద్ ఐటీ కంపెనీ అయితే ఒక కౌన్సెలర్ని పెట్టుకుంటుంది. నరసరావుపేట మిల్లులో ఉండేది సూపర్‌వైజర్, బట్టీలో ఉండేది మేస్త్రీ. మానసిక ఆరోగ్యం అనే మాట వాళ్ల డ్యూటీ కాగితాల్లో ఉండదు గానీ, ఒక మనిషి నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని ముందు గమనించేది వాళ్లే.

షిఫ్టుల సంగతే చూడండి. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి అంటే ఒంటికి నిద్రవేళ ఏదో తెలియకుండా పోతుంది. నిద్ర తగ్గితే చిరాకు, చిరాకుతో గొడవలు, ఆ తర్వాత నిద్ర కోసమని మందు. మందు తాగితే నిద్ర వచ్చినట్టే ఉంటుంది గానీ తెల్లవారుజామున తెగిపోతుంది. ఇలాంటి మనిషికి ధైర్యం చెప్పి మళ్లీ అదే నైట్ షిఫ్టుకు పంపితే ఏం లాభం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లోనూ పని భారం, పని వేళలు సరిచేయడం ఒక ముఖ్య సూచన. కౌన్సెలింగ్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకునే యాజమాన్యం సగం పనే చేసినట్టని నా అభిప్రాయం.

సాయం అసలు లేదా అంటే, ఉంది. తెలిసినవాళ్లే తక్కువ. మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ముఖాముఖి చూపించుకోవాలంటే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం చేయాల్సిన పనుల్లో పని చోట ఒత్తిడి తగ్గించే శిక్షణ కూడా ఒకటి. ఫ్యాక్టరీలు అడగాలి, అంతే.

డబ్బు విషయానికొస్తే, నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐ కోత పడుతున్నవారికి వైద్యం ఈఎస్‌ఐదే. తీవ్రమైన మానసిక వ్యాధి దాని దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉంది. రెండేళ్ల సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉంటే జీతంలో 80 శాతం చొప్పున పొడిగించిన అనారోగ్య భత్యం వస్తుంది. కాంట్రాక్టరు మస్టరులో పేరున్నంత మాత్రాన ఈ హక్కు పోదు. చందా కట్టించే బాధ్యత అసలు యజమానిదే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆరోగ్య బీమా కూడా ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ వర్తించాలి. ఇక ప్రభుత్వ ఉద్యోగులకు 2016 వికలాంగుల హక్కుల చట్టం అండ. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదు, అదే జీతంతో వేరే పనికి మార్చాలి. మానసిక వ్యాధి కూడా ఆ చట్టం లెక్కలో వైకల్యమే. ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో ఇలాంటి ఉద్యోగి పక్షానే తీర్పు చెప్పింది.

మేస్త్రీలకూ, సూపర్‌వైజర్లకూ, ఆర్టీసీ డిపోల్లో డ్యూటీలు వేసేవారికీ ఒక్క మనవి. నోటీసు బోర్డు మీద ఫైర్ స్టేషన్ నంబరు పక్కన 14416 రాయించండి. నిద్ర లేదని ఎవరైనా నోరు తెరిచి చెబితే నలుగురిలో నవ్వకండి, ఆ వారం వాళ్లకు నైట్ షిఫ్టు వేయకండి.