పున్నమ్మతోటలో పుట్టిన పాట

తెల్లవారుజాము. వాకిట్లో కళ్లాపి చల్లుతున్న చప్పుడు. కాలువ గట్టున టీకొట్టులో పాలు పొంగుతున్న వాసన. వీటితోపాటే రేడియోలో 'భక్తిరంజని'... కృష్ణా డెల్టా పల్లెల్లో రెండు మూడు తరాలకు పొద్దు పొడిచింది ఇలాగే. ఆ పాటలెన్నో పుట్టిన చోటు విజయవాడ పున్నమ్మతోటలోని ఆకాశవాణి కేంద్రం.

1948 డిసెంబరు 1న ప్రసారాలు మొదలయ్యాయి. అప్పట్లో తెలుగు సినిమా పాటంటే మద్రాసు. సినిమాతో పని లేని పాటకు మాత్రం బెజవాడే పెద్ద దిక్కు.

ఆ స్టూడియోలో అడుగుపెట్టినవాళ్లూ అలాంటివాళ్లే! ఎనిమిదేళ్ల వయసులో ఇదే ఊళ్లో తొలి కచేరీ చేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడ ఉద్యోగం చేశారు. ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం ఇక్కడివాళ్లే. 1941లో మద్రాసు రేడియోలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు తర్వాత ఈ కేంద్రానికి డైరెక్టరయ్యారు. రామదాసు కీర్తనలు, తత్వాలు, ఎంకి పాటలు, కృష్ణశాస్త్రి గేయాలు... సంగీతం రాని ఇల్లాలి నోట కూడా పలికాయంటే ఆ చలవ వీళ్లదే. ఉషశ్రీ గొంతులో రామాయణ భారతాలు విననివాళ్లు అరుదు.

తొలిరోజుల్లో చాలా పాటలు నేరుగా ప్రసారమయ్యేవి. ఎర్రదీపం వెలిగిందా... ఇక దగ్గు వచ్చినా ఆపుకోవాల్సిందే. తప్పు పాడితే దిద్దుకునే వీల్లేదు. మైకుకి ఎవరు దగ్గరగా కూర్చోవాలి, ఏ వాద్యం ఎంత దూరంలో ఉండాలి అన్నదాన్నిబట్టే పాట కుదిరేది.

టేపులు వచ్చాకా అన్నీ దక్కలేదు. టేపు ఖరీదైన సరుకు. ప్రసారమైపోయాక దానిమీదే మరో కార్యక్రమం రికార్డు చేయడం రేడియో కేంద్రాల్లో మామూలే. అలా ఎన్ని పాటలు చెరిగిపోయాయో లెక్కలేదు. మిగిలినవాటిని కాపాడే పనిలో పాత టేపుల్ని ఆకాశవాణి డిజిటల్‌లోకి మార్చింది. అంతకన్నా ముందే మరొకరు ఆ పని మొదలుపెట్టారు. శ్రోతలు! రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టి, ఇంట్లో అందర్నీ నిశ్శబ్దంగా ఉండమని క్యాసెట్లు నింపుకున్నవాళ్లు. వాళ్లు దాచిన పాటలే కొన్ని ఇవాళ ఇంటర్‌నెట్‌లో వినిపిస్తున్నాయి. మధ్యలో గరగర, ఎక్కడో పిల్లాడి ఏడుపుతో సహా.

ఓలేటి 1989లో, గోపాలరత్నం 1993లో వెళ్లిపోయారు. 2016లో బాలమురళి, 2018లో రజని. ఆ గొంతులు ఇప్పుడు టేపుల్లోనే ఉన్నాయి. మీ అటక మీద పేరు చెరిగిన పాత క్యాసెట్ ఏదైనా ఉందా? పారేసేముందు ఒక్కసారి వినండి. అందులో ఉన్న పాట మరెక్కడా మిగిలి ఉండకపోవచ్చు!